రెండు మోతలు, ఒకే ఆల్టర్నేటర్: నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందు విప్పి బాగుచేసిన కేసు

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ ఇంజిన్, మీటరు మీద 88 వేల కిలోమీటర్లు. మా అక్కవాళ్లది, నడిపేది బావగారు. కంప్లైంట్ ఆయన మాటల్లోనే రాస్తాను: "పొద్దున స్టార్ట్ చేస్తే పిండి గిర్నీ లెక్క గరగర మోగుతుంది. రాత్రి లైట్లు ఏస్తే ఇంకో తీరు మూలుగుతుంది బావా."

ఈ రెండు వాక్యాల్లోనే సగం డయాగ్నసిస్ ఉంది. ఒక మోత ఎప్పుడూ ఉంటోంది, ఇంకోటి లైట్లు వేస్తేనే వస్తోంది. మా దగ్గరికి తెచ్చేలోపు బండి రెండు గ్యారేజీలు తిరిగింది. ఒకచోట "డైనమో పోయింది సార్, మొత్తం మార్చాలె" అన్నారు. ఇంజిన్ బలంతో కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నే మన షాపుల్లో డైనమో అంటారు. ఇంకోచోట "బేరింగులు ఏస్తే అయిపోతది" అన్నారు. రెండుచోట్లా బానెట్ ఎత్తి చెవితో విన్నారు, అంతే. మల్టీమీటరు పెట్టి వోల్టులు కొలవలేదు, బెల్టు తీసి చూడలేదు. మొదటి మాట వింటే బాగున్న స్టేటర్ (కదలకుండా ఉండే తీగచుట్టల భాగం), రోటర్ (దాని లోపల తిరిగే భాగం) కూడా స్క్రాప్‌లోకి పోయేవి. రెండో మాట వింటే గరగర పోయి మూలుగు మిగిలిపోయేది.

నా ఉద్యోగం బాలానగర్‌లో పంపులు, మోటార్ల మెయింటెనెన్స్. తిరిగే యంత్రం ఏదైనా పద్ధతి ఒకటే: మోత ఎక్కడ పుడుతోందో వేరుచేసి తేల్చుకున్నాకే పానా పట్టాలి. ఆల్టర్నేటర్ కూడా ఒక చిన్న మోటారు లాంటి యంత్రమే, తిరిగే వేగం మాత్రం మా పంపుల కంటే చాలా ఎక్కువ. ఈ బండిలో క్రాంక్ పుల్లీకీ ఆల్టర్నేటర్ పుల్లీకీ రెండున్నర రెట్ల తేడా ఉంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ 800 ఆర్‌పీఎం తిరుగుతుంటే ఆల్టర్నేటర్ 2,000 తిరుగుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఇంజిన్‌ను 4,000కి తీసుకెళ్తే అది 10,000 దగ్గర ఉంటుంది. అందుకే దాని బేరింగులో చిన్న మచ్చ పడినా మోత కేబిన్ లోపలికి వస్తుంది, ఈ రోజు బాగానే ఉందిలే అనుకున్నది త్వరగానే ముదురుతుంది.

విప్పకముందు చేసిన పరీక్షలు

మోతలు నాలుగు రకాలుగా వస్తాయి. బెల్టు జారితే కీచుమంటుంది. బేరింగు పోతే గరగరమంటుంది, వేగంతో పాటు పెరుగుతుంది. డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) పోతే సన్నగా మూలుగుతుంది, కరెంటు లోడు పెరిగితే గొంతు పెంచుతుంది. నాలుగోది చాలా డీజిల్ బండ్లలో వచ్చే వన్ వే క్లచ్ పుల్లీ. అది పాడైతే ఇంజిన్ ఆపేటప్పుడు, ఐడ్లింగ్‌లో కటకటమంటుంది. మన బండికి మామూలు గట్టి పుల్లీయే కాబట్టి ఆ నాలుగోదాన్ని మొదట్లోనే పక్కన పెట్టాను.

ముందు బెల్టు సంగతి. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాడుల వైపు స్ప్రే బాటిల్‌తో కొద్దిగా నీళ్లు చిలకరించాను. బెల్టు జారుతుంటే నీళ్లు పడగానే కీచు ఎక్కువవుతుంది. పుల్లీలు వరసలో లేకపోతే ఆ కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ ఏ మార్పూ లేదు. బెల్టు తప్పేమీ లేదన్నమాట.

తర్వాత మీటరు. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ మీద 12.5 వోల్టులు. స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో 14.1. ఇంతవరకు చూసినవాళ్లు చార్జింగ్ బాగుందనే అంటారు. హెడ్‌లైట్లు హై బీమ్, బ్లోయర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకోమన్నాను. వోల్టేజ్ 13.1 దగ్గర కూర్చుంది, రేజింగ్ పెంచినా లేవలేదు. బాగున్న ఆల్టర్నేటర్ ఇంత లోడుకు 13.5 పైన నిలబడాలి. సరిగ్గా ఆ సమయంలోనే మూలుగు కూడా మొదలైంది.

ఇప్పుడు అసలు కొలత, ఏసీ రిపుల్. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది మూడు ఫేజుల ఏసీ కరెంటు. దాన్ని ఆరు డయోడ్లు కలిసి డీసీగా మారుస్తాయి. డయోడ్లన్నీ బాగుంటే బయటికి వచ్చే డీసీలో అలల్లాంటివి చాలా తక్కువ, వాటినే రిపుల్ అంటారు. ఒక్కటి పనిచేయకపోయినా ఆరు అలల్లో పక్కపక్కనున్న రెండు లోపించి పెద్ద గుంట పడుతుంది. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి ఎర్ర ప్రోబ్ ఆల్టర్నేటర్ వెనక ఉన్న పెద్ద బోల్టుకు, నల్లది ఆల్టర్నేటర్ బాడీకి తాకించాలి. బ్యాటరీ దగ్గర కొలిస్తే బ్యాటరీయే ఆ అలలను చాలావరకు మింగేస్తుంది కాబట్టి నిజం బయటపడదు. లోడు లేనప్పుడు 0.3 వోల్టులు, లోడు వేశాక 0.9 వచ్చింది. 0.1 లోపుంటే నిశ్చింత. అర వోల్టు దాటితే డయోడ్ మీద అనుమానపడాల్సిందే.

ఇక్కడ మీటరు గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది దీని దగ్గరే తప్పుదారి పడతారు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చవక పసుపు రంగు మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచి మొదలవుతుంది. అర వోల్టు రిపుల్‌ను నమ్మకంగా చూపించడం దానివల్ల కాదు. పైగా వాటిలో కొన్ని డీసీని కూడా ఏసీగా చదివి 30 వోల్టుల దాకా చూపిస్తాయి. ప్రోబులు అటూ ఇటూ మార్చి చూడండి. ఒకవైపు పెద్ద అంకె, రెండోవైపు సున్నా వస్తే అది రిపుల్ కాదు, మీటరు బలహీనత. ఏసీ మిల్లీవోల్టులు చూపించే మీటరు ఈ పనికి తప్పనిసరి.

మూలుగు కరెంటు వల్లేనని ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష. ఇంజిన్ ఆపి, ఆల్టర్నేటర్ చిన్న కప్లర్ పీకి, మళ్లీ స్టార్ట్ చేశాను. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది, వోల్టేజ్ 12.3కి దిగింది, అంటే చార్జింగ్ ఆగిపోయింది. లైట్లు వేసినా మూలుగు లేదు. గరగర మాత్రం అలాగే ఉంది. ఒక్క కప్లర్ పీకడంతో రెండు మోతలూ రెండు దారులుగా విడిపోయాయి.

దీన్నే కొందరు పాత పద్ధతిలో, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా మీ బండి మీద చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. చార్జింగ్ జోరుగా ఉన్నప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజ్ క్షణంలో ఎగిసిపోతుంది. అణచే ఏర్పాటు లేకపోతే 80 వోల్టుల పైకి కూడా వెళ్తుంది. ఆ దెబ్బ పడేది ఈసీఎం మీద, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు మీద. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో పోవడానికి ఇన్ని ఎలక్ట్రానిక్స్ లేవు, ఇప్పుడు ఇంజిన్ నడిచేదే వాటి మీద.

ఇక మిగిలింది గరగర ఎక్కడిదో తేల్చడం. ఈ ఇంజిన్‌లో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంపునూ తిప్పుతుంది, ఏసీ కంప్రెసర్‌కు వేరే బెల్టు. వాటర్ పంపు బేరింగు పోయినా ఇదే మోత వస్తుంది, రెండూ జానెడు దూరంలోనే ఉంటాయి. మెకానిక్ స్టెతస్కోప్ రాడ్ పెట్టి వింటే ఆల్టర్నేటర్ ముందు భాగంలో గట్టిగా, వాటర్ పంపు బోల్టు మీద మెల్లగా వినిపించింది. స్టెతస్కోప్ లేకపోతే పొడుగాటి స్క్రూ డ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని వినొచ్చు. కానీ చొక్కా చేతులు పైకి మడవండి, లుంగీ, చున్నీ, మెడలో గొలుసు ఏవీ వద్దు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పి తిరగదు, ఎప్పుడైనా గిర్రున మొదలవుతుంది.

లోహం మోతను దూరం మోసుకెళ్తుంది కాబట్టి స్టెతస్కోప్ ఒక్కదాన్నే నేను నమ్మను. ఇంజిన్ చల్లారాక బెల్టు తీసేసి అర నిమిషం నడిపాను. వాటర్ పంపు తిరగదు కాబట్టి అంతకు మించి నడపకూడదు. ఇంజిన్ మెత్తగా నడిచింది, రెండు మోతలూ మాయం. ఆపి, పుల్లీలను చేత్తో తిప్పాను. వాటర్ పంపు నున్నగా తిరిగింది, ఊపితే కదలిక లేదు, కూలెంట్ కారిన తెల్లటి చార కూడా లేదు. ఆల్టర్నేటర్ పుల్లీ మీద వేళ్లు పెట్టి నెమ్మదిగా తిప్పితే గరుకు, మధ్యమధ్య ఎక్కడో తట్టుకుంటున్నట్టు. ఊపితే వెంట్రుకవాసి ఆట.

కాగితం మీద ఇలా రాసుకున్నాను: ముందు బేరింగు పోయింది, కనీసం ఒక డయోడ్ తెగింది. విప్పింది ఆ తర్వాతే.

విప్పడం

బ్యాటరీ నెగెటివ్ ముందు తీయాలి. ఆల్టర్నేటర్ వెనక పెద్ద బోల్టుకు వచ్చే తీగ నేరుగా బ్యాటరీ పాజిటివ్‌ది. కీ ఆపేసి ఉన్నా అందులో కరెంటు ఉంటుంది. నెగెటివ్ తీయకుండా అక్కడ పానా పెట్టి అది ఇంజిన్‌కు తాకితే పానా మొన కరిగి అతుక్కుంటుంది.

బెల్టు దారి ఫోనులో ఫోటో తీసుకుని, పైన లాక్ బోల్టు, కింద పివట్ బోల్టు వదులు చేసి, వెనక పది నంబరు నట్టు, కప్లర్ తీస్తే ఆల్టర్నేటర్ చేతిలోకి వచ్చింది. బల్ల మీద పెట్టి రెండు కేసింగుల మీదుగా తెల్ల పెయింటుతో అడ్డంగా గీత గీశాను. బిగించేటప్పుడు ఆ గీత కలిస్తే చాలు.

వెనక ప్లాస్టిక్ మూత, ఆ తర్వాత రెగ్యులేటరు, కార్బన్ బ్రష్‌లు ముందు తీసేయాలి. అవి అక్కడుండగా రోటర్ లాగితే బ్రష్‌లు విరుగుతాయి. మన షాపుల్లో రెగ్యులేటరును కటౌట్ అంటారు, ఈ బండికి బ్రష్‌లతో కలిసే వస్తుంది. బ్రష్‌లు లిమిట్ గీతకు చాలా పైన ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. పుల్లీ నట్టుకు ఇంపాక్ట్ గన్ రెండు సెకన్లు చాలు. గన్ లేనివాళ్లు వైస్‌లో రోటర్ పట్టి లాగబోతారు, రోటర్ మీద గోళ్లలా ఉండే ఇనుప పళ్లు వంగుతాయి. అంతకంటే నట్టు ఒక్కటి ఏ టైర్ల షాపులోనో వదులు చేయించుకోవడం మేలు.

రోటర్ బయటికి వచ్చాక దాని గోళ్లు లెక్కపెట్టాను. ఒక్కో సగానికి ఆరు, మొత్తం 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు). దీనితో ముందు రోజు తీసిన ఒక కొలత అర్థవంతమైంది. ఫోనులో స్పెక్ట్రం చూపించే ఆప్ పెట్టుకుని, లైట్లు వేసి, ఐడ్లింగ్‌లో మూలుగు రికార్డు చేశాను. 200 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది, ఇంజిన్‌ను 1,600కి పెంచితే అదే గీత 400కి జరిగింది. లెక్క చూడండి. ఆల్టర్నేటర్ 2,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 33 చుట్లు. ఆరు జతల పోల్స్ కాబట్టి ఒక్కో ఫేజు సెకనుకు 200 సార్లు ఊగుతుంది. డయోడ్లన్నీ బాగుంటే ఒక్కో ఊపుకు ఆరు చిన్న అలలు వచ్చి మోత 1,200 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఉంటుంది, ఇంజిన్ చప్పుడులో కలిసిపోతుంది. ఒక డయోడ్ తెగితే ఆరింటిలో పక్కపక్కనున్న రెండు పోయి, ఒక్కో ఊపుకు ఒకే పెద్ద కుదుపు మిగులుతుంది. అదే 200 హెర్ట్జ్. బావగారి చెవికి వినిపించిన మూలుగు అదే.

డయోడ్ ప్లేటు నుంచి స్టేటర్ తీగలు విడదీశాకే డయోడ్లు పరీక్షించాలి, కలిపి ఉంచితే రీడింగులు ఒకదాని గుండా ఒకటి వస్తాయి. ఐదు డయోడ్లు ఒకవైపు 0.5 వోల్టు చుట్టుపక్కల చూపించి రెండోవైపు మూసుకున్నాయి. పాజిటివ్ వైపు ఒకటి రెండువైపులా మూసుకుంది. దాని కాలు దగ్గర ఆకుపచ్చని కిలుం. సూదితో గీకితే ఆ కిలుం కింద తీగ సగం తిని ఉంది, ఇంకాస్త కదిపితే విరిగే వచ్చింది. దాన్ని మళ్లీ అతికించొచ్చు కదా అని బావగారు అడిగారు. అక్కడి వేడికి, అదురుకు మామూలు సోల్డర్ అతుకు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. కిలుం పట్టిన ప్లేటులో మిగతా ఐదు కాళ్లూ అదే దారిలో ఉన్నాయి. ప్లేటు మార్చడమే సబబు.

మొత్తం ఆల్టర్నేటర్ మార్చమన్న సలహా కూడా ఒక్కోసారి సరైనదే అవుతుంది, అది ఇక్కడ తేలుతుంది. రోటర్ మీద బ్రష్‌లు ఆనే స్లిప్ రింగుల మధ్య 2.7 ఓములు, రింగు నుంచి ఇనుముకు కరెంటు దారి లేదు, అంటే రోటర్ బాగుంది. స్టేటర్ మూడు ఫేజులూ సమానం, కాలిన వాసన లేదు, వార్నిష్ నల్లబడలేదు. అన్నింటికంటే ముఖ్యం ముందు కేసింగులో బేరింగు కూర్చునే గూడు. బేరింగు అందులో గిర్రున తిరిగి గూడు అరిగిపోయి ఉంటే కొత్త బేరింగు వేసినా నిలవదు. అప్పుడు యూనిట్ మార్చడమే దారి. ఇక్కడ గూడు అద్దంలా ఉంది.

బేరింగు లోపల ఏముంది

ముందు బేరింగు నాలుగు స్క్రూల ప్లేటు కింద ఉంటుంది. స్క్రూలు మొండివి. మామూలు స్క్రూ డ్రైవర్‌తో తిప్పితే తలలు అరిగిపోతాయి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి. బేరింగు మీద నంబరు 6303. వెనకది 6202, అది పుల్లర్‌తో వచ్చింది. వెనకది చేతికి బాగానే ఉంది, అయినా మార్చాను. ఇంత విప్పాక దాన్ని అలాగే వదిలి మళ్లీ ఇదే పని పెట్టుకోవడంలో అర్థం లేదు.

కొత్తది తెచ్చేలోపు పాత 6303ని కోసి చూశాను. ఏ బేరింగైనా కోసి చూడకుండా పారేయొద్దని మా షాప్‌ఫ్లోర్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు చెబుతుంటాను, ఎందుకు పోయిందో చెప్పేది అదొక్కటే. ముందు రబ్బరు సీలును సూదితో లేపాను. గ్రీజు ఉండాల్సిన చోట పల్చటి గోధుమరంగు పేస్టు, వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగిలింది. కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండర్‌తో బయటి రింగు రెండుగా కోశాను. డీజిల్‌తో కడిగి ఎండలో పట్టుకుంటే గాడిలో ఎర్రటి తుప్పు మచ్చలు, ఒకదానికొకటి సమాన దూరంలో. బేరింగులో బాల్స్ ఏడు. మచ్చలూ ఏడు.

ఇందులో చదవాల్సింది చాలా ఉంది. బెల్టు మరీ బిగించడం వల్ల పోయిన బేరింగులో, కదలని బయటి రింగు మీద బెల్టు లాగే వైపు మాత్రమే ఒక పట్టీలా అరుగుదల ఉంటుంది. కరెంటు బేరింగు గుండా పోతే రేకు మీద గీతల్లా సన్నటి చారలు పడతాయి, వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్‌ల మీద నడిచే మోటార్లలో అవి చూస్తూనే ఉంటాం. ఇక్కడ ఆ రెండూ లేవు. బాల్స్ మధ్య దూరానికి సరిపడా తుప్పు మచ్చలు పడాలంటే బేరింగు కదలకుండా చాలాకాలం ఉండి, లోపల నీళ్లుండాలి. బాల్ ఆనిన చోట నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది, బండి మళ్లీ నడిస్తే బాల్స్ ఆ మచ్చల మీదుగా ఎగురుతూ పోతాయి. గరగర అక్కడిది.

"బండి ఎప్పుడైనా చాలాకాలం ఆపి ఉంచారా బావగారూ?" అని అడిగాను.

"అమ్మాయి పురుడుకు డల్లాస్ పోయినం గద. ఐదారు నెలలు కవరేసి పెట్టిన."

"పెట్టేముందు?"

"నీట్‌గా ఉంటదని ఫుల్ వాటర్ సర్వీసింగ్ చేయించిన. ఇంజిన్ సుత కడిగించిన."

అదీ సంగతి. ప్రెషర్ గన్ నీళ్లు ఇంజిన్ మీద కొట్టారు. బేరింగు రబ్బరు సీలు దుమ్మును ఆపుతుంది, చినుకులను ఆపుతుంది. దగ్గరి నుంచి ప్రెషర్ గన్ కొడితే ఆపలేదు. వెనక కేసింగు కిటికీల్లోంచి డయోడ్ ప్లేటు కూడా తడిసింది. ఆ తడి మీదే కవరు కప్పి నెలల తరబడి ఉంచారు. ఒకే నీళ్లు ముందు వైపు బేరింగును, వెనక వైపు డయోడ్ కాలును తిన్నాయి. రెండు వేర్వేరు మోతలకు కారణం ఒకటే అని తేలినప్పుడు నాకు కేసు పూర్తిగా అర్థమైంది, కొత్త బేరింగు ఎలాంటిది తేవాలో కూడా తెలిసింది.

రాణిగంజ్

బేరింగులకు సికింద్రాబాద్ రాణిగంజ్‌కే వెళ్తాను. అక్కడ నంబరు చెబితే చాలు, బండి పేరు అడగరు. నంబరు ఎలా చదవాలో తెలిస్తే ఎవరూ మోసం చేయలేరు. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం: 02 అంటే 15 మిల్లీమీటర్లు, 03 అంటే 17, 04 నుంచి ఐదుతో హెచ్చవేయాలి. 6303 కొలతలు 17, 47, 14. 6202కి 15, 35, 11. తోక అక్షరాలు మరీ ముఖ్యం. రెండువైపులా రబ్బరు సీలుంటే 2ఆర్‌ఎస్ లాంటి గుర్తు, ఇనుప రేకుంటే జెడ్‌జెడ్. మన దుమ్ముకు, వానకు రబ్బరే. సీ3 అంటే లోపల కాస్త ఎక్కువ సందు. ఆల్టర్నేటర్ వేడెక్కి లోహం పెరిగినప్పుడు బేరింగు బిగుసుకోకుండా ఉండటానికి అది కావాలి. మామూలు ఫ్యాన్ మోటారుకు వేసే 6303 సైజు సరిపోతుంది, బండి వేడికి, వేగానికి నిలవదు. ఆల్టర్నేటర్‌కు అని స్పష్టంగా అడగండి, హై టెంపరేచర్ గ్రీజు ఉన్నది ఇస్తారు.

నకిలీలు ఉన్నాయి. డబ్బా చూసి నమ్మొద్దు. ఎస్‌కేఎఫ్ కంపెనీ వాళ్లు అసలుదో కాదో తేల్చుకోవడానికి ఒక ఆప్ కూడా పెట్టారు. బిల్లు ఇవ్వనన్న చోట నేను బేరింగు కొనను. డయోడ్ ప్లేటు మాత్రం రాణిగంజ్‌లో దొరకలేదు. పుత్లిబౌలిలో సెల్ఫ్, డైనమో సామాన్లు అమ్మే షాపులో పాతది పక్కన పెట్టి కాళ్ల వరస, బోల్టు రంధ్రాలు పోల్చి తెచ్చాను. మొత్తం సామాను ఖర్చు కొత్త ఆల్టర్నేటర్‌కు చెప్పిన రేటులో ఐదో వంతు కూడా కాలేదు.

బిగించడం

కొత్త బేరింగు ప్రాణం బిగించేటప్పుడే పోతుంది, ఇది వందసార్లు చెప్పినా తక్కువే. ఏ రింగు బిగుతుగా కూర్చుంటుందో ఆ రింగు మీదే బలం పెట్టాలి. కేసింగులోకి పోయేదానికి బయటి రింగు మీద, షాఫ్టు మీదికి పోయేదానికి లోపలి రింగు మీద. తిరగేస్తే ఆ దెబ్బంతా బాల్స్ గుండా పోయి, గాడిలో మొదటి రోజే గుంటలు పడతాయి. కొత్త బేరింగు వేసినా మోత పోలేదు అని వచ్చే చాలా ఫిర్యాదుల వెనక ఉన్నది ఇదే.

6303ని ఫ్రిజ్‌లో పెట్టి, అల్యూమినియం కేసింగును హాట్ ఎయిర్ గన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేశాను. పాత బేరింగు బయటి రింగు ముక్క అడ్డుపెట్టి వైస్‌లో నెమ్మదిగా నొక్కితే సుత్తి అవసరమే రాలేదు. వెనక 6202ను షాఫ్టు మీదికి, లోపలి రింగుకు సరిపడే గొట్టం పెట్టి దింపాను. సీలున్న బేరింగును వేడి చేయాలనుకుంటే 80 డిగ్రీలు దాటనివ్వొద్దు, సీలూ గ్రీజూ రెండూ దెబ్బతింటాయి. వెనక గూడులో ఒక సన్నటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది, బేరింగు తిరిగిపోకుండా పట్టేది అదే. పడేయకండి.

స్లిప్ రింగులను సన్న కాగితంతో మెరిసేదాకా రుద్ది, స్టేటర్ తీగలను 100 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కొత్త ప్లేటుకు అతికించాను. 25 వాట్లది ఆ లావు రాగిని వేడెక్కించలేదు, పై పైన అంటుకుని తర్వాత వదిలేస్తుంది. డయోడ్ ప్లేటులో మళ్లీ సోల్డర్ ఎందుకంటే, ఈ స్టేటర్ కాళ్లు కంపెనీలో అతికించిందే అలా, మెలితిప్పి కట్టిన కాలు మీద. బరువు మోసేది ఆ మెలిక, సోల్డర్ దాన్ని పట్టి ఉంచుతుంది.

గీతలు కలిపి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, రోటర్ చేత్తో తిప్పాను. నిశ్శబ్దంగా తిరిగి, మెల్లగా ఆగింది. బండికి ఎక్కించి బెల్టు బిగింపు చూశాను: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి. కీచుమనకూడదని మరీ బిగిస్తే కొత్త బేరింగు మీద, వాటర్ పంపు మీద కూడా ఆ భారం పడుతుంది.

తర్వాతి కొలతలు

ఐడ్లింగ్‌లో 14.2. అదే లోడు, అదే రేజింగ్ మీద 13.8. రిపుల్ లోడు లేకుండా 0.03, లోడుతో 0.07. ఫోను ఆప్‌లో 200 హెర్ట్జ్ గీత పోయింది. బానెట్ తెరిచి వింటే ఇంజెక్టర్ల టిక్‌టిక్ వినిపిస్తోంది, అది ఇన్నాళ్లూ ఈ మోతల కింద అణిగి ఉంది. కీసర దాకా రింగు రోడ్డు మీద నడిపి వచ్చి మళ్లీ కొలిస్తే అంకెల్లో తేడా లేదు, ముందు కేసింగు మీద చెయ్యి పెడితే మామూలు వేడే.

బావగారికి రెండే మాటలు చెప్పాను. ఇంజిన్ కడిగించకండి, తడిగుడ్డతో తుడిపించండి. ఎప్పుడైనా కడిగారంటే ఆ రోజే ఒక అరగంట బండి నడపండి, తడి మీద కవరు వేయకండి. ఊరికెళ్లేటప్పుడు పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి వారానికోసారి స్టార్ట్ చేయమని కాకుండా, ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి తెమ్మని చెప్పండి.

ఆల్టర్నేటర్ ఊరుకున్నాక ఏసీ వేస్తే కంప్రెసర్ పుల్లీ వైపు నుంచి సన్నగా ఒక గురగుర వినిపిస్తోంది. ఏసీ ఆపినా పుల్లీ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆపినప్పుడు కూడా ఆ చప్పుడు ఉంటే పుల్లీ బేరింగు, వేసినప్పుడే ఉంటే క్లచ్ లేదా కంప్రెసర్ లోపల. ఇప్పటికి వేసినప్పుడే ఉంది. దానికి గ్యాస్ ప్రెషర్ చూడాలి, గేజీలు తెచ్చాక ఆ పని.